పొర 7, పొర 9 సంచులు కలిసిపోయాయి. క్యాంపస్ తవ్వకంలో ఇప్పుడేం చేయాలి?

జల్లెడమ్మాయి (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. పురావస్తు శాఖలో పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. మా క్యాంపస్‌లోనే, పాత మ్యాప్‌లో మొదటి హాస్టల్ అని చూపించిన చోట, పచ్చిక తీసి తవ్వుతున్నాం. ఐదు మీటర్ల గడులు రెండు, మధ్యలో బాల్క్, అంటే తవ్వకుండా వదిలిన మీటరు మట్టి గోడ. మేం పద్నాలుగు మందిమి, ఇది మూడో వారం.

మొదటి గడి, అంటే ‘ఎ’ ట్రెంచ్‌లో 38 సెంటీమీటర్ల దగ్గర ఇటుక గోడ తగిలింది. గోడ పక్కనే పునాది కోసం తీసిన సన్నటి సందు ఉంది, దాన్ని పూడ్చిన మట్టి లోకస్ 9 (విడిగా గుర్తుపట్టి నంబర్ వేసిన ఒక్కో పొరను లోకస్ అంటాం). గోడకు జానెడు దూరంలో ఏటవాలుగా ఒక నీళ్ల పైపు కాలువ వెళ్తోంది, దాన్ని పూడ్చిన మట్టి లోకస్ 7. రెండూ గోధుమ రంగే. తడిపి చూస్తే తప్ప తేడా తెలియదు.

నిన్న సాయంత్రం ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. అందరం సంచులు ఎత్తి టార్పాలిన్ కిందికి పరిగెత్తాం. పొద్దున చూస్తే నాలుగు సంచుల్లో లేబుళ్లు నీలం మరకలై ఉన్నాయి. జెల్ పెన్నుతో రాశాను, తప్పు నాదే. ఏవి 7, ఏవి 9 అన్నది తెలియడం లేదు.

ఒక సంచిలో ఆకుపచ్చ సీసా మెడ ఉంది. అచ్చు గీత అంచు మీదుగా పైదాకా వెళ్లింది. అది 9లోదైతే గోడ మేమనుకున్నంత పాతది కాదు, మొదటి హాస్టలే కాదు. 7లోదైతే గోడకు దానితో సంబంధం లేదు. మేడమ్ తిట్టలేదు. "జరిగింది జరిగినట్టు రాసుకో" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

---

అనుమానం_పక్షి (సోమవారం, రాత్రి 10:05)

బాధపడకండి గానీ, అసలు క్యాంపస్‌లో తవ్వేదేముంది? పైపులు, సిమెంటు ముక్కలు, ఎవరో పారేసిన పెన్ను మూతలు. పిల్లలకు పార పట్టడం నేర్పడానికి శాఖ వాళ్లు పెట్టే ప్రాక్టికల్ అది. సంచులు కలిసినా కొంప మునగదు.

---

పాతగునపం (సోమవారం, రాత్రి 10:31)

పక్షిగారూ, మీ మాటకు రేపు జవాబిస్తాను. ముందు అమ్మాయి సంగతి.

అమ్మా, జెల్ పెన్ను ఎవరిచ్చారు నీకు? పెన్సిల్ రాత నీళ్లకు చెదరదు. సంచికి లేబుళ్లు రెండు, లోపలొకటి, బయటొకటి. లోపలిది చిన్న జిప్ కవర్లో పెట్టాలి. ముప్పై ఏళ్లు క్యాంపులు చూసుకున్నాను. ఎలుకలు కొట్టిన లేబుళ్లు, చెదలు తిన్న రిజిస్టర్లు, ఇంకా చాలా చూశాను. అన్నీ పోగా మిగిలేది పెన్సిల్ రాతే.

ఇప్పుడు చేయకూడనివి చెప్తాను. ఊహించి నంబర్ వేయొద్దు. "ఇది 9లోదే అయ్యుంటుంది" అని ఎవరో అంటారు, నువ్వు రాస్తావు, పదేళ్ల తర్వాత ఇంకొకరు దాన్ని నిజమని చదువుకుంటారు. నాలుగు సంచులకూ కొత్త నంబర్ వేయి, పక్కన "7 లేదా 9, వానకు లేబుల్ చెరిగింది" అని తేదీతో రాయి. రిజిస్టర్లో పాత ఎంట్రీ కొట్టేయకు, కింద కొత్తది రాయి. పనిదినచర్యలో ఏ గంటకు ఏ లోకస్ తెరిచారో రాశారా?

బాల్క్ జోలికి మాత్రం పోవద్దు. ఇంకా నిలబడే ఉంది కదా?

---

జల్లెడమ్మాయి (సోమవారం, రాత్రి 10:48)

నిలబడే ఉంది సార్. పైపు కాలువ బాల్క్‌లోకి దూరి అటువైపు బి ట్రెంచ్‌లో తేలుతుంది. దినచర్యలో గంటలు రాసి ఉన్నాయి. లోకస్ 7 పొద్దున్నించీ, లోకస్ 9 మధ్యాహ్నం 2:15కి తెరిచాం.

---

సీసాముక్క (సోమవారం, రాత్రి 11:20)

మ్యూజియం స్టోర్‌లో గాజు, పింగాణీ పని చేస్తాను. సీసా గురించి చెప్తాను.

అచ్చు గీత మెడ మీద ఆగిపోయి, అంచు మాత్రం నున్నగా ఉంటే, ఆ అంచును చేత్తో పనిముట్టు పెట్టి తీర్చినట్టు. గీత అంచు మీదుగా పైదాకా వెళ్తే అది యంత్రం సీసా. పూర్తిగా తనంతట తానే సీసాలు చేసే యంత్రాన్ని మైకేల్ ఓవెన్స్ తెచ్చింది 1903లో. కాబట్టి మీ ముక్క దాదాపుగా అప్పటినుంచి ఇటుదే. అడుగు భాగం దొరికితే చూడండి. ఓవెన్స్ యంత్రం సీసాల అడుగున ఈక అంచులా చెదిరిన గుండ్రటి మచ్చ ఉంటుంది. మెడ చివర ముడతల రేకు మూత పట్టే చిన్న ఉబ్బు ఉందా? ఆ మూతకు విలియం పెయింటర్ పేటెంట్ పొందింది 1892లో.

ఒక జాగ్రత్త. వస్తువు చెప్పేది "ఇంతకంటే ముందు కాదు" అని మాత్రమే. సీసా ఇరవై ఏళ్లు అటక మీద ఉండి ఆ తర్వాత పగిలి మట్టిలో పడొచ్చు. పునాది సందులో దొరికిన వస్తువుల్లో అన్నిటికంటే కొత్తది ఏదో, గోడ దానికంటే పాతది కాలేదు. అంతవరకే. అందుకే ఆ మెడ 7లోదా 9లోదా అన్నది మీకు ప్రాణం మీదికొచ్చింది.

---

కొత్తగా_చేరా (మంగళవారం, ఉదయం 7:15)

కార్బన్ డేటింగ్ చేయిస్తే ఒక్క దెబ్బకు తేలిపోదా?

---

సీసాముక్క (మంగళవారం, ఉదయం 8:02)

గాజుకు కుదరదండీ. ఆ పద్ధతి ఒకప్పుడు బతికున్నవాటికే: బొగ్గు, ఎముక, గింజ. దాన్ని కనిపెట్టిన విల్లర్డ్ లిబ్బీ బృందం 1949లో మొదటి తేదీలు ప్రకటించినప్పటి నుంచీ అంతే. గోడ సందులో బొగ్గు ముక్క దొరికినా ఇక్కడ లాభం తక్కువ. 1650 నుంచి ఇటు గాలిలో ఆ పద్ధతి కొలిచే కార్బన్-14 పాలు ఎగుడుదిగుడుగా ఉంది, తర్వాత బొగ్గు, చమురు మండించడం వల్ల ఇంకా పలచబడింది. ఒకే ముక్కకు మూడు నాలుగు తేదీలు వస్తాయి, ఏది కావాలంటే అది ఏరుకోవచ్చు. ఇంత దగ్గరి కాలానికి మేకులు, గుండీలు, సీసా అంచులే నయం.

---

పాతగునపం (మంగళవారం, ఉదయం 9:10)

పక్షిగారికి బాకీ తీరుస్తాను.

అమెరికాలో హార్వర్డ్ పేరు విన్నారు కదా, 1636లో పెట్టిన కాలేజీ. వాళ్ల పాత ఆవరణలో, రోజూ వేల మంది నడిచే పచ్చిక కింద, విద్యార్థులు క్లాసులో భాగంగా తవ్వుతారు. అమెరికా మూలవాసి తెగల పిల్లల కోసం అక్కడ 1655 ప్రాంతంలో ఇటుకలతో ఒక కాలేజీ కట్టారు. అచ్చు యంత్రం కూడా అందులోకే చేరింది. 1663లో వాంపనోగ్ అనే తెగ భాషలో పూర్తి బైబిల్ అచ్చయింది అక్కడే. ఆ ఇల్లు 1698లో పడగొట్టి ఇటుకలు ఇంకో భవనానికి వాడేసుకున్నారు. ఆ ఇంటి ఆనవాలు నేల పైన ఏదీ మిగల్లేదు. 2009లో పిల్లలకు దాని పునాది కాలువ దొరికింది. గోడ కాదండీ, గోడ లాగేసిన గుంత. నేలలో రంగు తేడా, అంతే. దాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్న కళ్లు ఆ పిల్లలవి. ఆ ఆవరణలో సీసపు అచ్చు అక్షరాలు కూడా దొరికాయి.

ఇంకోటి. పొగాకు తాగొద్దని, మద్యం ముట్టొద్దని ఆ కాలేజీ పిల్లల్ని కట్టడి చేసేది. నేలలో బయటపడ్డవి మట్టి పొగగొట్టాల ముక్కలు, సీసాలు. రూలు పుస్తకం చదివి మనం రాసే చరిత్ర వేరు.

---

సీసాముక్క (మంగళవారం, ఉదయం 9:26)

ఆ పొగగొట్టాల ముక్కల గురించి ఒక ముచ్చట (కాస్త పక్కదారి, క్షమించండి). గొట్టం రంధ్రం కాలం గడిచేకొద్దీ సన్నబడిందని 1954లో హారింగ్టన్ అనే ఆయన కొలిచి చూపించాడు. అంగుళంలో 64వ వంతుల లెక్కన 1590-1620 నాటివి 9, 1750-1800 నాటివి 4. కొలవడానికి ఆయన వాడింది మామూలు డ్రిల్ బిట్లే. పెట్టె నిండా విరిగిన ముక్కలుంటే ఒక్కో దాంట్లో బిట్ దూర్చి చూస్తూ పోవడమే. నాకైతే పురావస్తు శాస్త్రంలో ఇంతకంటే అందమైన పని లేదు.

---

అనుమానం_పక్షి (మంగళవారం, ఉదయం 10:00)

హార్వర్డ్ సరే, నాలుగు వందల ఏళ్ల కాలేజీ. ఈ అమ్మాయి క్యాంపస్‌కు అంత చరిత్ర ఉందా? నిన్న మొన్నటి చెత్తను చరిత్ర అంటే నాకు ఎక్కదు.

---

రేడార్_బండి (మంగళవారం, మధ్యాహ్నం 1:12)

నిన్న మొన్నటి చెత్త మీదే ఒక యూనివర్సిటీ దశాబ్దాలు పని చేసింది పక్షిగారూ. 1973లో అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీలో విలియం రాత్జే అనే పురావస్తు ప్రొఫెసర్ విద్యార్థులతో ఇళ్ల చెత్త ఏరించి, తూకం వేయించి, ఆ ఇళ్లవాళ్లు సర్వేలో చెప్పిన మాటలతో పోల్చాడు. బీరు సంగతిలో జనం చెప్పింది ఒకటి, డబ్బాలో దొరికిన ఖాళీ సీసాలు చెప్పింది ఇంకోటి. తర్వాత చెత్త దిబ్బలే తవ్వారు. దశాబ్దాల నాటి వార్తాపత్రికలు చదవడానికి వీలుగా బయటికొచ్చాయి. కాగితం మట్టిలో ఇట్టే కలిసిపోతుందనే నమ్మకం అక్కడ పోయింది.

మిచిగన్ స్టేట్ యూనివర్సిటీకైతే క్యాంపస్ కోసమే ఒక పురావస్తు విభాగం ఉంది. ఎక్కడ గుంత తీసినా వాళ్లు వెళ్లి చూస్తారు. 1876 డిసెంబర్‌లో కాలిపోయిన వాళ్ల మొదటి హాస్టల్‌ను 2005లో తవ్వారు. నాకు నచ్చింది 2023 నాటి సంగతి. విద్యార్థులు ఊయలలు కట్టుకోవడానికి స్తంభాలు పాతుతుంటే పనివాళ్లకు గట్టిగా ఏదో తగిలింది, బండరాయేమో అనుకున్నారు. తీరా చూస్తే 1881లో కట్టిన వేధశాల (నక్షత్రాలను దుర్భిణితో చూసే గది) పునాది. క్యాంపస్‌లో మొదటిది అదే, జనం ఎప్పుడో మర్చిపోయారు.

ఇక నా పని సంగతి. క్యాంపస్‌లో నేలలో అయస్కాంత తేడాలు కొలిచే మాగ్నెటోమీటర్ తీసుకెళ్తే పిచ్చెక్కుతుంది. కాంక్రీటులో ఇనప చువ్వలు, సైకిల్ స్టాండ్, దీపస్తంభం, అన్నీ అరుస్తాయి. భూమి లోపలికి తరంగాలు పంపే రేడార్ కాస్త నయం, కానీ తడి బంకమట్టిలో అదీ గుడ్డిదే. జల్లెడమ్మాయిగారూ, మీ దగ్గర తవ్వకానికి ముందు ఏదైనా సర్వే చేశారా?

---

పైపులైను (మంగళవారం, సాయంత్రం 6:35)

నేను పురావస్తు మనిషిని కాదు. ఒక క్యాంపస్‌లో సివిల్ సెక్షన్‌లో సైట్ ఇంజినీర్‌ని. చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను.

మొదటి మాట: తవ్వే ముందు మాకు చెప్పండి బాబూ. మా డ్రాయింగులో పైపు ఒకచోట ఉంటుంది, భూమిలో ఇంకోచోట ఉంటుంది, అది నిజమే. కానీ కరెంటు కేబుల్ మీద గునపం వేస్తే డ్రాయింగ్ తప్పని వాదించడానికి మీరుండరు. రెండో మాట: నాలుగైదు అడుగులు దాటి దిగుతుంటే గోడలకు ఊతం పెట్టండి, నిచ్చెన వేయండి, తవ్విన మట్టి గుంత అంచున పోయకండి, కనీసం రెండడుగులు దూరం జరపండి. మట్టి కూలేది చెప్పి కూలదు.

ఇక అసలు విషయం. పైపు వేసేటప్పుడు కాలువ అడుగున ఇసుక పరుస్తాం, పైపుకు మెత్తటి పరుపులా. పైపు చుట్టూ కూడా ఇసుకే. ఆ పైన తవ్విన మట్టి తిరగేసి పోస్తాం. గోడ పునాది సందులో ఆ ఇసుక ఉండే అవకాశం తక్కువ, సున్నం ముద్దలు, ఇటుక పొడి ఉంటాయి. సీసా మెడ లోపల ఇరుక్కున్న మట్టి చూడండి. ఇసుకా, సున్నమా?

---

జల్లెడమ్మాయి (మంగళవారం, రాత్రి 8:20)

పైపులైను గారూ, చదవగానే గుండె జారింది. నిన్న మధ్యాహ్నమే అన్నీ టబ్‌లో వేసి టూత్‌బ్రష్‌తో కడిగేశాం. మెడ తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు.

రేడార్ గారూ, సర్వే చేయలేదు. పాత ఫోటో ఒకటి, మ్యాప్ ఒకటి, అంతే.

---

పాతగునపం (మంగళవారం, రాత్రి 8:41)

గాజు కడగడానికి తొందరేంటమ్మా? మట్టి కూడా వస్తువే. సరే, అయిపోయింది. నాలుగు సంచులూ కడిగారా?

---

రెండో_ట్రెంచ్ (మంగళవారం, రాత్రి 9:03)

అక్కా నేనే. చదువుతున్నా గానీ రాయడానికి భయమేసింది. నాలుగో సంచి కడగలేదు, నా బకెట్ దగ్గరే ఉండిపోయింది. అందులో అదే ఆకుపచ్చ గాజు ముక్కలు రెండున్నాయి, కొంచెం వంపుగా.

ఇంకోటి కూడా. ఆదివారం మనం దిగిన సెల్ఫీల్లో ఒకదాంట్లో నీ కాలి పక్కన మట్టిలో ఆకుపచ్చగా ఏదో మెరుస్తోంది. టైమ్ 11:52 అని ఉంది. స్కేల్ లేదు, ఉత్తరం బాణం లేదు, నీ చెప్పు ఉంది.

---

సీసాముక్క (మంగళవారం, రాత్రి 9:10)

చెప్పు సైజు ఎంత? 😄

---

రేడార్_బండి (మంగళవారం, రాత్రి 9:22)

నవ్వులాట కాదు, లోకస్ 9 తెరిచింది 2:15కి. 11:52కి ఆ గాజు పైకి కనబడుతుంటే అది 9లోది కావడానికి లేదు. మెరిసేది అదే మెడ అయితే.

---

పాతగునపం (మంగళవారం, రాత్రి 9:40)

"అయితే" అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఆకుపచ్చవన్నీ ఒకే సీసావి కావు. ఫోటోను దాచండి, కానీ దాని మీద తీర్పు ఇవ్వొద్దు.

చేయాల్సింది బాల్క్ దగ్గర ఉంది. గడుల మధ్య మట్టి గోడ వదలడాన్ని మార్టిమర్ వీలర్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త పట్టుబట్టి అలవాటు చేసింది ఇందుకే: తవ్విపారేసినదానికి సాక్షి ఒకటి నిలబడి ఉండాలని. తర్వాతి తరం బాల్క్‌లు అనవసరం, మొత్తం ఒక్కసారిగా విప్పి చూద్దామంది. వాళ్ల వాదనలోనూ పస ఉంది, గోడ కింద ఏముందో ఎప్పటికీ కనబడదు కదా. కానీ పద్నాలుగు మంది విద్యార్థులు, ఒక వాన, ఒక జెల్ పెన్ను ఉన్నచోట నా ఓటు బాల్క్‌కే.

రేపు పొద్దున ఎండ ఏటవాలుగా ఉండగా, తాపీ అంచుతో బాల్క్ ముఖం పై నుంచి కిందికి చెక్కండి. చేతి పిచికారీతో తడపండి. రంగులు తేలతాయి. కాలువ కోత ఎక్కడ మొదలైందో, గోడ సందు కోత ఎక్కడ మొదలైందో, ఏది దేన్ని కోసిందో తాపీ మొనతో గీత గీయండి. ఆ తర్వాతే కొలత, బొమ్మ. గాజు ఏమైనా పొడుచుకొస్తుంటే పీకొద్దు, ముందు బొమ్మలోకి ఎక్కించండి.

---

అనుమానం_పక్షి (బుధవారం, రాత్రి 7:30)

ఏమైంది? బాల్క్ చెక్కారా? (అవును, నేనే అడుగుతున్నాను.)

---

జల్లెడమ్మాయి (శుక్రవారం, రాత్రి 10:15)

రెండ్రోజులు ఒళ్లు తెలియకుండా పని చేశాం, అందుకే ఆలస్యం.

బుధవారం ఆరున్నరకే దిగాం. చెక్కుతుంటే పైన పచ్చిక వేళ్లున్న నల్లమట్టి ఊడొచ్చింది, దాని కింద పలచటి ఇటుక పొడి పట్టీ, వేలెడు మందం. తడిపేసరికి పైపు కాలువ కోత స్పష్టంగా తేలింది. ఆ ఇటుక పొడి పట్టీని కోసుకుంటూ కిందికి వెళ్లింది. గోడ సందు మాత్రం ఆ పట్టీ కిందే ఆగింది, పట్టీ దాన్ని కప్పేసి ఉంది. అంటే గోడ సందు ముందు, ఆపైన ఇటుక పొడి, ఆ తర్వాతే పైపు. ఈ వరుస మూడు వారాలుగా మా కళ్ల ముందే ఉంది. ఎండిన మట్టిలో కనబడలేదు.

పైపు కాలువలో 71 సెంటీమీటర్ల దగ్గర ఆకుపచ్చ అంచు ఒకటి గోరంత బయటికుంది. బొమ్మ గీసి, ఫోటో తీసి, మేడమ్ ఒప్పుకున్నాక వెదురు పుల్లతో చుట్టూ మట్టి తీశాను. సీసా భుజం ముక్క. దొరికిన ముక్కలు పరిచి చూసే పాటరీ యార్డ్‌లో మెడ పక్కన పెట్టి తిప్పి చూశాం. మూడోసారికి టక్కున కూర్చుంది. ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. కడగని సంచిలో ముక్కల్లో ఒకటి దాని కింద అతికింది, లోపలి వైపు ఇసుక పట్టి ఉంది. పైపులైను గారికి దండం.

కాబట్టి సీసా 7లోదే. గోడ మాత్రం ఇంకా ఎప్పటిదో తేలలేదు. 9లో అనుమానం లేకుండా దొరికినవి రెండే: సున్నం ముద్దలు, కొట్టి చేసిన ఒక మేకు. మిగతా సంచుల్లోని మూడు మేకులు, ఒక ఎముక గుండీ మాత్రం ఎటూ తేలలేదు. వాటికి "7 లేదా 9" అనే ఉంచాం. మేడమ్ రిపోర్టులో వాన సంగతి, పెన్ను సంగతి రెండూ రాయమన్నారు. రాశాను.

---

సీసాముక్క (శుక్రవారం, రాత్రి 10:32)

ఆ మూడు మేకులు పారేయకండి. కొట్టినవా, రేకు నుంచి కోసినవా, తీగతో చేసినవా చూడండి. తీగ మేకులు బాగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లోనే. తీగవి అయితే 7లోవి కావడానికే ఎక్కువ అవకాశం. తుప్పు దిబ్బలా ఉంటే ఎక్స్‌రే తీయిస్తే లోపలి ఆకారం తెలుస్తుంది. రుద్దొద్దు.

---

పైపులైను (శనివారం, ఉదయం 8:00)

సంతోషం. పూడ్చేటప్పుడు చెప్పండి, మట్టిని పొరలుగా దిమ్మిస కొట్టించే మనుషుల్ని పంపే ఏర్పాటు మీ క్యాంపస్ వాళ్లనడగండి. లేకపోతే వచ్చే వానకు పచ్చిక కుంగి, మళ్లీ మా సెక్షన్ వాళ్లనే తిడతారు.

---

పాతగునపం (శనివారం, ఉదయం 8:40)

గోడ మీద ముందు జియో టెక్స్‌టైల్ గుడ్డ పరచండి, ఆ పైన మట్టి. గుడ్డ మీద ఈ ఏడాది నాణెం ఒకటి పడేయండి. మళ్లీ ఎవరైనా తవ్వితే మీరెక్కడ ఆగారో, ఎప్పుడు ఆగారో తెలుస్తుంది.

---

అనుమానం_పక్షి (శనివారం, ఉదయం 9:05)

ఆ నాణెం మాత్రం 7లోనా 9లోనా సరిగ్గా రాయండి.

---

జల్లెడమ్మాయి (శనివారం, ఉదయం 9:11)

😂 పక్షిగారూ! పాతగునపం సార్, ఒక్క సందేహం. సోమవారం నుంచి బి ట్రెంచ్‌లో కొత్త లోకస్. పెన్సిల్ ఏది వాడమంటారు, 2బి బాగుంటుందా?

---

పాతగునపం (శనివారం, ఉదయం 9:30)

2బి రుద్దుకుపోతుంది. హెచ్‌బి. లేబుళ్లు రెండు.